కొత్త యింట్లో కాలు పెట్టే ముందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సొంత యింటిని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మేము కొంచెం వెనుకాడాము. ఈ హాలులోనే బేల్దారి మేస్త్రీలు పదిమంది వున్నారు. పునాది మొదలు పిట్టగోడ దాకా వారికి తెలిసినది మాకు తెలియదు. మేము ఉర్దూ బడి పంతుళ్ళము. అయితే మరో నెలన్నరలో మొదటిసారిగా సొంత యింట్లోకి దిగబోతున్నాము గనుక, ఆ వేడి చల్లారక ముందే చెబితే బాగుంటుందని ఒప్పుకొన్నాము. ఉర్దూలో చెప్పటం మాకు సులువు. కానీ రేపు ఈ సంచిక చేతికి వస్తే చదివే మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. దాని కోసం వేరే సభ పెట్టుకోవలసిందే. ఈరోజుకు తెలుగులోనే కానిద్దాం.

ఇల్లు పూర్తి కావచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ ముహల్లాలో ఎవరు కనిపించినా రెండే ప్రశ్నలు. దావత్ ఎప్పుడు? ఎన్ని డేగులు? "ఈ గోడల్లో ఎవరెవరి సొమ్ము వుంది, అదంతా వ్రాసి పెట్టుకొన్నారా?" అని అడిగినవారు ఒక్కరూ లేరు. మేము చెప్పదలచుకొన్నది అదే. ఇంట్లోకి దిగేముందు ఆ లెక్క తేలాలి. దిగిన తర్వాత తేల్చుకొందామంటే అది కోర్టులో తేలుతుంది, లేకపోతే అసలు తేలదు.

మా యింటి సంగతే చెబుతాం. కర్నూలులో రెండున్నర సెంట్ల స్థలం. రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు. కింద పరిచింది బేతంచెర్ల బండలు. పంతొమ్మిదేళ్ళలో ఐదు అద్దె యిళ్ళు మారాము. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళకు మాట యిచ్చాం" అన్న గుమ్మాలు కూడా వున్నాయి, ఆ అనుభవం మీలో చాలామందికి వుంటుంది కాబట్టి దాన్ని పొడిగించము.

మా అబ్బా కట్టిన యిల్లు పాతబస్తీలో వుండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్ళకు చెప్పనక్కరలేదు. కింద అంతా మునిగింది. మేము మేడమీదికి ఎక్కి బ్రతికాము గానీ, ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ బురద ముద్ద అయ్యాయి. అమ్మకపు దస్తావేజు నకలు రిజిస్ట్రారు ఆఫీసు నుండి తెచ్చుకొనగలిగాము. చేతివ్రాత కాగితాలకు మాత్రం నకళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఎవరికి ఎంత ఇవ్వాలో అబ్బా వ్రాసుకొన్న చిన్న పుస్తకం అందులోనే పోయింది. అబ్బా వుండగా ఆయన జ్ఞాపకం మీద ఒక్కొక్కటీ తీర్చుకొంటూ వచ్చారు.

2017లో అబ్బా పోయారు. 2022లో ఆ యిల్లు అమ్మితే 24 లక్షలు వచ్చాయి. వారసులు అమ్మ, మేము అన్నదమ్ములం ఇద్దరం, మా అక్కచెల్లెళ్ళు ఇద్దరు. షరియత్ ప్రకారం లెక్క నల్లబల్ల మీద వేసినంత సులువు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, అంటే అమ్మకు 3 లక్షలు. మిగిలిన 21 లక్షలను ఆరు భాగాలు చేస్తే కొడుకుకు రెండు భాగాలు, కూతురుకు ఒక భాగం. మాకూ తమ్ముడికీ చెరి 7 లక్షలు, అక్కకూ చెల్లెలికీ చెరి మూడున్నర లక్షలు.

లెక్క సులువే. ఇవ్వటం దగ్గరే వుంది కష్టమంతా. అప్పటికే మేము స్థలం కొని వున్నాము. మా వీధి పెద్దలు ఇద్దరు వచ్చి, మంచి మనసుతోనే, "ఆడపిల్లలు మాఫ్ చేస్తార్లే, పిలిచి భోజనం పెట్టి చెరో చీర పెట్టండి" అన్నారు. మన యిళ్ళలో ఇది ఆచారమైపోయింది. చేతికి రాకముందే, నలుగురి మధ్యలో, పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో తల వంచుకొని అన్న మాటను మాఫ్ అనవచ్చునా? ముందు సొమ్ము ఆమె చేతిలో పెట్టండి. ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్ళి, నాలుగు రోజులు ఆలోచించుకొని, మీకే తెచ్చి యిస్తే అది ఆమె ఇష్టం. మేము ఇవ్వబోతే ఆపా ఒప్పుకోలేదు. "నాకెందుకురా ఇప్పుడు, ముందు నీ యిల్లు కానీ" అంది. చెల్లెలు మాత్రం ఏమీ అనకుండా తీసుకొంది. ఆమె కొడుకు పాలిటెక్నిక్ ఫీజు ఆ నెలలోనే కట్టాలని మాకు తర్వాత తెలిసింది. ఆపాకు ఆమె పేరునే బ్యాంకులో వేసి పుస్తకం చేతికిచ్చాము. ఇంతవరకు ఆమె దాన్ని వెనక్కు తేలేదు. తేనక్కరలేదు కూడా.

దీనివల్ల మా యింటికి ఏమి తగ్గిందో చెప్పాలి గదా. మేడమీద వేద్దామనుకొన్న గది లేదు. కాంపౌండు గోడ ఒక వైపే లేచింది. మా అబ్బాయి పదో తరగతి, వాడికి విడిగా గది అని మాట యిచ్చి వుంటిమి. వాడు నాలుగు రోజులు ముఖం ముడుచుకొన్నాడు. ఇప్పుడు హాలులో ఒక మూల బీరువా అడ్డం పెట్టి వాడి చోటు వాడే గీసుకొన్నాడు.

అమ్మ తన 3 లక్షలు యింటికే వాడమంది. "నా గది కిటికీ వీధి వైపు వుండాలి, అంతే" అని ఒక్కటే షరతు. కిటికీ పెట్టాము. కానీ ఆ డబ్బును ఆమె మాకు బహుమానంగా ఇచ్చినట్లు వ్రాయలేదు, కర్జ్ అనే వ్రాశాము. అమ్మ సొమ్ములో తమ్ముడికి, అక్కచెల్లెళ్ళకు కూడా రేపు హక్కు వుంటుంది. ఒక కొడుకు గోడలో కలిసిపోయిన సొమ్మును మిగతావాళ్ళు ఎక్కడని వెతుక్కొంటారు?

ఇక మా శ్రీమతి నగలు. యిళ్ళు కట్టేటప్పుడు మన ఆడవాళ్ళ జేవర్ శ్లాబు రోజున కరిగిపోతుంది, ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తరు. మెహర్ గానీ, పుట్టింటి నగ గానీ పూర్తిగా ఆమె సొత్తు. ఆమె ఇస్తే అప్పుగా ఇచ్చిందా, కానుకగా ఇచ్చిందా అన్నది ఆమె నోటితోనే రావాలి. మా శ్రీమతి అప్పు అనే చెప్పింది. పైగా "రూపాయల్లో వ్రాయకండి, గ్రాముల్లో వ్రాయండి" అంది. మేము ఎనిమిది తులాలు అని వ్రాయబోతే, "ఏ తులం?" అని అడిగింది. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు అంగట్లో తులమంటే 10 గ్రాములు. లెక్కల మాస్టరు గారింట్లో పుట్టిన మనిషి. చివరికి 82 గ్రాములు అని వ్రాసి సంతకం చేశాము. బంగారం తీసుకొంటే బంగారమే తూకానికి తూకం తిరిగి యివ్వాలన్నది మన ఫిఖహ్‌లో వున్నదే. ధర పెరిగేకొద్దీ మాకు గుండె బరువెక్కుతున్నది గానీ, ఆమె చెప్పింది న్యాయం.

కువైట్‌లో వున్న మా బావమరిది 4 లక్షలు యిచ్చాడు. ఎ.పి.జి.ఎల్.ఐ. నుండి కొంత అప్పు తీసుకొన్నాము. బ్యాంకు అప్పు, వడ్డీ విషయం మౌల్వీ సాబ్‌లను అడగవలసింది, అందులోకి మేము పోము.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. కడప, రాయచోటి వైపు బంధువులున్నవారికి ఈ కథ తెలిసినదే. తమ్ముడు ఎండలో పనిచేసి పదేళ్ళు డబ్బు పంపుతాడు. అన్న ఇక్కడ స్థలం కొని, కట్టి, తన పేరునే రిజిస్టరు చేస్తాడు. మోసం చేద్దామని కాదు, సంతకానికి ఊళ్ళో వున్నది తానే కాబట్టి. ఇద్దరూ బ్రతికి వున్నంత కాలం "మన యిల్లు" అనే అనుకొంటారు. అన్న పోయిన మరునాడు కాగితం మాట్లాడుతుంది. అది అన్న భార్యాబిడ్డల ఆస్తి అంటుంది. మనవాళ్ళు ఉమ్మడి కుటుంబం, పుట్టుకతో హక్కు అని ఇరుగుపొరుగును చూసి అనుకొంటారు. మన వారసత్వ చట్టంలో ఆ రెండూ లేవు. ఎవరి సంపాదన వారిది. తండ్రి బ్రతికి వుండగా కొడుక్కు కూడా వాటా పుట్టదు. పైగా 1988 బినామీ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు. న్యాయంగా సంపాదించిన సొమ్ముతో భార్య పేరున, పిల్లల పేరున కొంటే తప్పు లేదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పేరున అయితే, డబ్బు పెట్టినవారి పేరు కూడా దస్తావేజులో జంటగా వుండాలి. అందుచేత కువైట్ తమ్ముడు సెలవు మీద వచ్చేదాకా రిజిస్ట్రేషను ఆపండి, లేదా పవరు పత్రం తెప్పించి అతని పేరు చేర్చండి. మా బావమరిది యిచ్చింది అప్పే గనుక అతనికి ప్రామిసరీ నోటు వ్రాసి పంపాము. "నమ్మకం లేదా బావా?" అని ఫోనులో నొచ్చుకొన్నాడు. నమ్మకం వున్నవాళ్ళ మధ్యనే వ్రాత సులువుగా సాగుతుంది, పగ పుట్టాక ఎవరు వ్రాస్తారు? ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్, బఖరా సూరా 282వది, అప్పులు వ్రాసి సాక్షులను పెట్టుకోవటాన్ని గూర్చినదేనని దీనియాత్ క్లాసులో మనం పిల్లలకు చెబుతాం.

భార్య పేరున యిల్లు పెడితే చిన్నతనమనుకొనేవారు ఇంకా వున్నారు. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో మొదలుపెట్టిన యిళ్ళ స్థలాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ళ పేరునే యిచ్చారు. ఆ యిళ్ళలో మగవాళ్ళ గౌరవం ఏమీ పోలేదు. తన పేరున వున్న యింటిని భార్యకు హిబా చేయదలచినవారికి ఒక మాట. ఇస్తున్నానని చెప్పటం, ఆమె పుచ్చుకోవటం, స్వాధీనం చేయటం, ఈ మూడూ జరగాలి. జరిగితే నోటిమాట హిబా కూడా చెల్లుతుంది. హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, కాగితం మీద వ్రాసుకొన్నా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని తీర్పు చెప్పింది. అయినా మా సలహా రిజిస్టరు చేయించమనే. రేపు మునిసిపాలిటీలో పేరు మార్చాలన్నా, బ్యాంకుకు పోవాలన్నా వాళ్ళు అడిగేది కాగితమే.

పని విషయం మేస్త్రీలకు వదిలేస్తాము గానీ, అద్దె కలిసివస్తుందని తొందరపడి తడి యింట్లో దిగకండి. శ్లాబుకు మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు అయితే కనీసం 10 రోజులు నీళ్ళు పట్టాలని భారత ప్రమాణాలలో వుంది. మన కర్నూలు ఎండలకు ఇంకా నాలుగు రోజులు ఎక్కువే మంచిది. గోడలు ఆరకముందే రంగు వేస్తే అది పొక్కులు లేస్తుంది, ఆ చెమ్మకు ముసలివాళ్ళ ఉబ్బసం ఎక్కువవుతుంది. కరెంటుకు ఎర్త్ సరిగా వుందా అని చూపించుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించండి, టైల్సు మీద పెట్టే ఖర్చులో అది ఎంత? పాతబస్తీ వరద చూసినవాళ్ళము కాబట్టి బేస్‌మట్టం రోడ్డుకన్నా మూడడుగులు ఎత్తు పెట్టాము. కాగితాల పెట్టె అటక మీద వుంటుంది.

ఇంకొకటి, ఇది మాకు సరదా కలిగించిన పని. నమాజుకు చాపలు ఎటు వేయాలో మనవాళ్ళు "పడమర" అని సరిపెట్టుకొంటారు. కర్నూలు నుండి ఖిబ్లా నేరు పడమర కాదు, పడమర నుండి ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తిరిగి వుంటుంది. ఏటా మే 28న మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన వుంటాడు. ఆ నిమిషంలో ఎండలో నిలువుగా ఒక కర్ర పాతితే, దాని నీడకు ఎదురు దిక్కే ఖిబ్లా. మే 28న మా బడి పిల్లలు నలుగురిని తీసుకొనిపోయి బండల మీద సుద్దతో గీత గీయించాము. తర్వాత మేస్త్రీ దాన్ని ఉలితో సన్నగా చెక్కాడు.

దావత్ సంగతి. సఫర్ నెలలో దిగకూడదని మా అత్తగారు, ఈశాన్యంలో సంపు వుందా అని ఎదురింటివారు. ఇద్దరికీ సలాం చెప్పాము. ముందు మేస్త్రీకి, అడ్డ కూలీలకు, వడ్రంగికి, ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వవలసింది పైసలతో సహా ఇచ్చేస్తాము. మిగిలితేనే డేగ్ ఎక్కుతుంది. ఇప్పటి లెక్క ప్రకారం ఒక డేగ్‌కు మిగులుతుంది. పొద్దున ఖురాన్ ఖానీ, మధ్యాహ్నం పనిచేసిన కూలీల కుటుంబాలతో కలిసి భోజనం. ఊరంతటినీ పిలవలేదని ఎవరూ కోపం చేసుకోకండి.

సంఘానికి ఒక ప్రతిపాదన. మన దగ్గర షామియానాలు, డేగులు అరువిచ్చే రిజిస్టరు వుంది. అదే బీరువాలో ఒక పేజీ నమూనా పత్రం కూడా పెట్టుకొందాం. ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. యింటికి ఎవరు ఎంత యిచ్చారు, అప్పా కానుకా, బంగారమైతే ఎన్ని గ్రాములు, తండ్రి ఆస్తిలో అక్కచెల్లెళ్ళకు చేరిందా లేదా, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఇల్లు కట్టేవారికి, షామియానా కోసం వచ్చినప్పుడే ఉచితంగా చేతిలో పెడదాం. ముసాయిదా రెండు భాషల్లోనూ మేము వ్రాసి తెస్తాము. వకీలు సాబ్ ఒకసారి చూసి దిద్దుతానని ఇందాక టీ దగ్గర మాట యిచ్చారు. వచ్చే కమిటీ సమావేశంలో దాన్ని అజెండాలో చేర్చవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాము. ఖుదా హాఫిజ్.