యంత్రము లెక్కకట్టిన వంతెన
(కార్మిక విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



వంతెన ఎంత గట్టిదని అడిగినచో ఒక్క అంకెతో జవాబు రాదు. ఇనుము బలము ప్రతి గర్డరులోను ఒకే విధముగా ఉండదు. బరువూ, గాలీ, వరదా ఏ రెండు దినములూ ఒక్కటి కావు. బరువు బలమును మించిపోవు అవకాశమెంత అన్నదే ఇంజనీర్లు వేసికొను ప్రశ్న. ఆ అవకాశము పదివేలలో ఒకటిగా ఉన్నచో, దానిని నమ్మకముగా తేల్చుటకు బలమునూ బరువునూ మార్చి మార్చి పది లక్షల పర్యాయములు లెక్కకట్టవలసి వచ్చును. దీనినే మాంటీ కార్లో పద్ధతి అందురు. ఒక్కొక్క లెక్కకే కంప్యూటరుకు గంటలు పట్టినచో పని తెమలదు.

ఇచ్చటనే న్యూరల్ నెట్‌వర్క్, అనగా కృత్రిమ నాడీజాలము, అక్కరకు వచ్చినది. కొన్ని వందల లెక్కలను పూర్తిగా చేసి, వాని ఫలితములను దానికి చూపెదరు. తన అంచనాకూ అసలు ఫలితమునకూ గల తేడాను బట్టి అది తన లోపలి తూకములను సవరించుకొనును. 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ప్రచారములోనికి తెచ్చిన పద్ధతి ఇదియే. నేర్చిన పిదప మిగిలిన లక్షల లెక్కలను క్షణములలో తేల్చును. ఇది మంచి పనిముట్టు. దీనిని మనము వ్యతిరేకించవలసిన పని లేదు.

కాని అది నేర్చినది చెప్పునే గాని నేర్వనిది చెప్పజాలదు. 2005 అక్టోబరు 29న, నాటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ వద్ద జరిగినది తలచుకొనండి. చెరువు కట్ట తెగి, నీరు చిన్న వంతెనను కోసివేసినది. డెల్టా ప్యాసింజరు అందులో పడి వందమందికి పైగా మరణించిరి. అక్కడ గర్డరు బలము ప్రశ్నే కాదు. చెరువు సంగతి లెక్కలో లేనిచో, ఎంతటి యంత్రమైనను ఆ వంతెన క్షేమమనియే చెప్పియుండెడిది. 1956లో మహబూబ్‌నగర్ వద్దనూ, అరియలూరు వద్దనూ వంతెనలను తీసికొనిపోయినది వరద నీరే. అరియలూరు దరిమిలా లాల్ బహదూర్ శాస్త్రి గారు రైల్వే మంత్రి పదవికి రాజీనామా చేసిరి. యంత్రమునకు రాజీనామా చేయు సౌకర్యము లేదు.

మరి యంత్రమునకు చెరువు సంగతి చెప్పువారెవరు? వాన రాత్రి టార్చి పట్టుకొని లైను వెంట నడచు పెట్రోల్‌మాన్. స్తంభము చుట్టూ మట్టి ఎంత కోసుకొనిపోయినదో కొలిచి రిజిస్టరులో వ్రాయు వంతెన సిబ్బంది. చూడకుండ వ్రాసిన అంకెను సైతము యంత్రము శ్రద్ధగానే నేర్చుకొనును! ఇద్దరి బీటు ఒక్కనికి అప్పగించినచో అట్టి అంకెలే పుట్టును. ఆ తప్పు అతనిది కాదు.

కావున, యంత్రము ఇచ్చిన అంకె పేర పెట్రోలింగు, తనిఖీ పోస్టులలో ఒక్కటియైనను తగ్గించరాదు. ఆ లెక్కలో ఏవి చేర్చిరో, ఏవి వదలిరో ఆ సెక్షను కార్మికులకు వారి భాషలో తెలుపవలెను. తపాలా సంచులతో అదే వంతెన దాటు ఆర్.ఎమ్.ఎస్. సోదరులకును ఈ కోర్కె మాతో సమానముగా చెందును. ఈ మేరకు తీర్మానమును సభ ముందుంచుచున్నాను.