కట్ట యజమానిది, వరద దిగువవారిది
(రైల్వే, తపాలా ఉద్యోగుల భద్రతా శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భద్రతను గురించి ప్రసంగించవలసినదిగా నన్ను కోరినప్పుడు సిగ్నళ్లను గురించో, పనిగంటలను గురించో చెబుతానని మీరు భావించి ఉంటారు. నేను ఒక మట్టికట్టను గురించి చెప్పదలచాను. అది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, జాన్స్‌టౌన్ అనే ఉక్కు కార్మికుల పట్టణానికి 14 మైళ్ల ఎగువన, సౌత్ ఫోర్క్ వద్ద ఉండేది. 1889 మే 31న అది తెగి 2,209 మంది మరణించారు. ముప్పును ముందుగా ఎరిగి దిగువకు తెలుపబూనినవారిలో రైల్వే తంతి ఉద్యోగులున్నారు. అందుచేత అది మన కథ కూడా.

72 అడుగుల ఎత్తు, 931 అడుగుల పొడవు గల ఆ కట్టను కాలువలో పడవల రాకపోకలకు నీరందించే నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వమే నిర్మించింది. 1853లో అది పూర్తి అయ్యేనాటికి రైలుమార్గం వచ్చి, కాలువకు పని లేకుండా పోయింది. 1857లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ కాలువతోపాటు కట్టను కూడా కొన్నది, ఆపైన దాని ఆలనాపాలనా చూడలేదు. రైల్వే కార్మికుల సభలో ఈ మాట దాచడం ధర్మం కాదు. 1862లో ఒకసారి గండి పడినది గాని, నీరు తక్కువగా ఉన్నందున పెద్ద నష్టం కలుగలేదు. 1875లో దానిని కొన్న ఆసామి కట్ట అడుగున ఉన్న ఇనుప గొట్టాలను పెరికించి పాత ఇనుము క్రింద అమ్ముకున్నాడు. మన భాషలో చెప్పాలంటే చెరువుకు తూము పోయింది.

1879లో ఆ కట్ట సంపన్నుల చేపలవేట క్లబ్బు పరమయింది. కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. గండిని పూడ్పించారే గాని తూమును తిరిగి అమర్చలేదు. గుర్రపు బగ్గీలు ఎదురెదురుగా సాగడానికి వీలుగా కట్ట పైభాగాన్ని రెండు మూడడుగులు తగ్గించారు. పెంచిన చేపలు జారిపోకుండా అలుగుకు ఇనుప జాలీలు బిగించారు.

మన పల్లెల నుండి వచ్చినవారికి ఇక వివరించనక్కరలేదు. రాతికట్ట మీదుగా నీరు పొర్లినా కొంతసేపు నిలుస్తుంది, మట్టికట్ట నిలువదు. పొర్లిన నీరు వెనుక వాలును కోసుకుంటూ పైకి ప్రాకుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు తొలిచిన బుంగ గుండా, ఎండిన చెట్టు వేరు వెంట చెమ్మ ఊరి, ఆ ఊటతో మన్ను కొట్టుకుపోవడం రెండవ మార్గం. మొదటిదానికి విరుగుడు అలుగు. రెండవది కనబడినప్పుడు నీటిని దించడానికి సాధనం తూము. సౌత్ ఫోర్క్‌లో తూము లేదు, అలుగు సగం మూసుకున్నది.

ఈ సంగతి ఎవరికీ తెలియదనుకోకండి. 1880లో కాంబ్రియా ఉక్కు కంపెనీ అధిపతి మోరెల్ తన ఇంజనీరు ఫుల్టన్‌ను పంపి కట్టను పరీక్ష చేయించాడు. నీటిని తీసివేసే మార్గం లేదనీ, ఊట ఉన్నదనీ ఫుల్టన్ వ్రాసి ఇచ్చాడు. మరమ్మతుకయ్యే వ్యయంలో పాలు పంచుకుంటామని కూడా మోరెల్ కబురంపాడు. భయపడవలసినదేమీ లేదని క్లబ్బు అధ్యక్షుడు జవాబు వ్రాశాడు. తొమ్మిదేళ్లు గడిచాయి.

ఆనాడు రాత్రంతా కుండపోతగా వర్షం. ఉదయానికే నీరు కట్ట అంచును సమీపించింది. కూలీలు మరో అలుగు త్రవ్వబోయారు, జాలీలకు పట్టిన చెత్తను లాగారు, ప్రయోజనం లేకపోయింది. క్లబ్బు ఇంజనీరు పార్క్ గుర్రమెక్కి సౌత్ ఫోర్క్ గ్రామానికి పరుగెత్తి హెచ్చరించాడు. తంతి తీగలు కొంత దూరం తెగిపోగా కొన్ని కబుర్లు కాలినడకన కూడా సాగాయి. కబురు జాన్స్‌టౌన్ చేరింది. కాని, కట్ట తెగుతున్నదన్న పుకారు ఏటా వినే ఆ పట్టణంలో దానిని జనానికి చాటినవారు లేరు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కట్ట తెగింది. సుమారు గంటలో వరద పట్టణాన్ని తాకింది. ఎగువన ఈస్ట్ కోనెమా యార్డు సమీపాన పనిలో ఉన్న డ్రైవరు జాన్ హెస్ హోరు విని, ఇంజను ఈలను కట్టివేసి, అది కూస్తుండగానే ఇంజనును వెనుకకు నడిపించి యార్డులో ప్రవేశించాడు. ఆ కూత విని ఎందరో గుట్టలెక్కి బ్రతికారు. జాన్స్‌టౌన్ తంతి కార్యాలయ నిర్వాహకురాలు హెట్టీ ఓగిల్ విధి నిర్వహణలోనే ప్రాణాలు కోల్పోయింది.

న్యాయస్థానంలో క్లబ్బుపై బాధ్యత రుజువు కాలేదు, దైవఘటన అన్నారు. కార్నెగీ ఆ ఊరికి గ్రంథాలయం కట్టించి ఇచ్చాడు. కట్ట మొదటి రూపంలో ఉన్నా తెగేదేనని 1891లో ఇంజనీర్ల సంఘం కమిటీ నివేదిక ప్రకటించింది. 2016లో వెలువడిన పరిశోధన దీనితో ఏకీభవించలేదు. కట్టను తగ్గించకుండా ఉంటే అది చాలా ఎక్కువ వరదను తట్టుకునేదని ఆ పరిశోధకుల లెక్క.

ఇది మనకెందుకని ఎవరైనా అడుగవచ్చు. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద ఎగువన చెరువుకు గండి పడి వచ్చిన వరదలో రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు పడిపోయింది. వందమందికి పైగా మరణించారు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రైవేటు యజమానులకు కూడా వర్తిస్తుంది, సంతోషమే. కాని అది 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల కట్టలకు మాత్రమే. మన పట్టాల ప్రక్కనున్న కుంటల్లో అత్యధికం ఆ కొలతకు అందవు. వాటికి మిగిలినది రైల్వేలో మనమే వ్రాసుకునే రిజిస్టరు, వర్షాలకు ముందు రాష్ట్ర నీటిపారుదల అధికారులతో కలిసి చేయవలసిన ఉమ్మడి తనిఖీ.

కొన్నేళ్ల క్రిందట ఒక కీమ్యాన్ నా వద్దకు వచ్చాడు. "లైనుకు ఎగువన ఒకాయన పట్టా భూమిలో కుంట ఉందన్నా. చేపల కోసం అలుగుకు రాళ్లు పేర్చి వల కట్టినారు. కట్ట మీద తుమ్మచెట్లు మొలిచినయ్. చెప్తే నీ పని చూసుకో అంటున్నరు" అన్నాడు. ఆయన సౌత్ ఫోర్క్ పేరు ఎన్నడూ వినలేదు. దరఖాస్తు పెట్టాము. మూడవ దరఖాస్తుకు అధికారి వచ్చి చూశాడు. రాళ్లు, వల తీయించాడు. మరుసటి ఏడు కుంటను గుత్తకు తీసుకున్న మరొకరు వలను మళ్లీ కట్టారు.

తంతి సర్వీసు 2013 జూలైలో ముగిసింది. నేడు కీమ్యాన్ జేబులో ఫోను ఉన్నది. రాత్రి రెండు గంటలకు ఏ నంబరుకు చేయాలో ఆయనకు వ్రాసి ఇచ్చారా అన్నది ప్రతి బ్రాంచిలో తేల్చుకోండి. ఉత్తరాలు పంచే తపాలా సోదరులు కట్టల మీదుగానే నడుస్తారు. వారు చూసినది మన రిజిస్టరులోకి రావాలి. ఈ వర్షాకాలానికి ఏ సెక్షన్‌లో ఏ కుంటను ఎవరు చూస్తారో, ఆ పేర్లను భోజన విరామానికి ముందే వేదిక వద్ద ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.