తాలు బస్తా, అణు రియాక్టరు

(పల్లె సభలో మేము చేసిన ప్రసంగ పాఠం)



"పత్తి చేలల్లో, మిరప కల్లాల్లో కూలికి పోయేవాళ్ళం. అణు కరెంటు సంగతి మనకెందుకయ్యా?" అని ఇందాక ఒక పెద్దాయన అడిగాడు. సరైన ప్రశ్నే. దానికి జవాబు మన కల్లాల్లోనే ఉంది.

పైన ఎర్రటి కాయ, అడుగున తాలుకాయ నింపిన బస్తా గుంటూరు యార్డుకి పోతుంది. ఆ సంగతి అందరికన్నా ముందు ఎవరికి తెలుసు? కాయలు ఏరిన కూలితల్లికి. షావుకారుకి తర్వాత తెలుస్తుంది, తిన్నవాడికి ఆఖర్న. నకిలీ పత్తి విత్తనం సంగతీ అంతే. కానీ ఆమె నోరు తెరిస్తే "నీకెందుకే, రేపు పని కావాలా వద్దా?" అంటారు. తాలు బస్తాతో డబ్బు పోతుంది. అదే తాలు సరుకు అణు రియాక్టర్లోకి పోతే?

ఆ అనుమానం వచ్చింది. తమిళనాడు కూడంకుళంలో రష్యా రియాక్టర్లు కట్టారు. వాటికి సామాన్లు పంపిన జియో-పొడోల్స్క్ కంపెనీలో కొనుగోళ్ళు చూసే అధికారిని, నాసిరకం ఉక్కు కొన్నాడన్న ఆరోపణ మీద రష్యా సర్కారే అరెస్టు చేసింది. 2012లో ఆ వార్త బయటికొచ్చింది. తీరాన ఉన్న బెస్తవాళ్ళు "మా ఊరి రియాక్టర్లో ఏం పెట్టారు?" అని అడిగారు. ఆ రియాక్టర్లు వద్దని ఉద్యమించినందుకు వేలమంది మీద రాజద్రోహం కేసులు. 2013 ఏప్రిల్లో అణుశక్తి నియంత్రణ మండలి తానే ఒప్పుకుంది: ఒకటో యూనిట్లో నాలుగు వాల్వులు సరిగా పనిచెయ్యలేదని. వాటిని ఏ కంపెనీ చేసిందన్నది వేరే మాట. లోపం ఉన్నమాట నిజమైంది.

వాల్వు అంటే కాలవకి తూములాంటిది. వేళకి తెరుచుకోకపోతే నీళ్ళు రావు. రియాక్టర్ని ఆపేసినా లోపల వేడి వెంటనే ఆగదు. దాన్ని చల్లార్చాల్సింది ఆ నీళ్ళే. అందుకే అక్కడ చిన్న వాల్వు కూడా ఊళ్ళ ప్రాణం.

ముందే చెప్పినా వినకపోతే ఏమవుతుందో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్ నరోరాలో చూశాం. తెల్లవారుజామున టర్బైన్ రెక్కలు రెండు విరిగి మంటలు లేచాయి. మామూలు కరెంటు తీగెలూ, ఆపదవేళ కరెంటు తీగెలూ ఒకే దారిలో వేశారు. రెండూ కాలిపోయాయి. 17 గంటలు కేంద్రానికి కరెంటు లేదు. పనివాళ్ళే చీకట్లో పైకెక్కి, చేతుల్తో బోరాన్ ద్రవం వదిలి ప్రమాదాన్ని ఆపారు. ఆ రెక్కల డిజైనులో లోపముందని డిజైను ఇచ్చిన విదేశీ కంపెనీ ముందే హెచ్చరించిందని, అయినా మార్చలేదని, 1993 నుంచి 1996 దాకా నియంత్రణ మండలి అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ తర్వాత రాశారు.

ఆయన హయాంలోనే 1995లో మండలి ఒక నివేదిక తయారుచేసింది. దేశంలోని అణు కేంద్రాల్లో 130 భద్రతా లోపాలని లెక్క తేల్చింది. అది ప్రజలకి ఇవ్వమని పౌరహక్కులవాళ్ళు కోర్టుకెక్కారు. రహస్యంగా ఉంచే అధికారం సర్కారుకి ఉందని 2004లో సుప్రీంకోర్టు అన్నది. లోపం వాళ్ళది, ప్రమాదం మనది, కాగితం మాత్రం రహస్యం!

కాటా పట్టేవాడు షావుకారు మనిషైతే తూకం ఎట్లా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1983లో పుట్టిన ఆ మండలి, తాను తనిఖీ చెయ్యాల్సిన శాఖ పెద్దలకే జవాబు చెప్పుకునేది. 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. మంచిదే. కానీ అదే చట్టం 2010 నాటి పరిహార చట్టాన్ని తీసేసింది. నాసిరకం సామాను ఇచ్చిన కంపెనీ నుంచి నష్టం రాబట్టే దారి పాత చట్టంలో ఉండేది. ఇప్పుడు ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని చేసిందని తేలితేనో తప్ప ఆ దారి లేదు. మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు పెట్టాలని చూస్తున్నారు. రేపు అక్కడికి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, కాంట్రాక్టు కూలీలుగా పోయేది ఎవరి పిల్లలు? మన పిల్లలే. పగిలిన అతుకు ముందు చూసేదీ వాళ్ళే.

చూసి చెప్తే? సాక్షి గతి ఏమిటో ఈ జిల్లాలకి బాగా తెలుసు. 1985 కారంచేడు మారణకాండలో కళ్ళారా చూసి చెప్పటానికి నిలబడ్డ అలిసమ్మను చంపేశారు. అవినీతిని బయటపెట్టేవాళ్ళ రక్షణకి 2014లో చట్టం చేశారు గాని, అమల్లోకి తెచ్చే ఉత్తర్వు ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. కాబట్టి ఒంటరిగా నిలబడమని మేము ఎవరికీ చెప్పం. ఇట్లా చెయ్యమంటాం:

చూసింది కాగితం మీద పెట్టండి. తేదీ, చోటు, ఏ సామాను, దాని మీది నెంబరు. చూసింది వేరు, విన్నది వేరు, రెండూ కలపొద్దు. అర్జీ ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. నకలు సంఘం దగ్గర పెట్టండి. ఒక్కడి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద ఇవ్వండి. 2005 సమాచార హక్కు చట్టం కింద తనిఖీ కాగితాలు అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న కాగితాన్నే ఊరూరా చదవండి.

ఇక సర్కారుని అడిగేవి మూడు. లోపం చెప్పిన పనివాడి పేరు దాచాలి. కాంట్రాక్టరు వాడిని పనిలోంచి తీస్తే శిక్ష పడాలి. పరీక్షల ఫలితాలు చుట్టుపక్కల ఊళ్ళకి తెలుగులో ఇవ్వాలి.

తాలు ఏరే చెయ్యి మనది. "ఇది తాలు" అని చెప్పే నోరు కూడా మనదే కావాలి. ఒక్క నోరైతే నొక్కుతారు. పల్లె పల్లెంతా చెప్తే ఎన్ని నోళ్ళు నొక్కుతారు?

జై భీమ్!