పనివారి మాట – ఊరి క్షేమము



1959 అక్టోబరు 11వ తేదీన నాటి ప్రధాని శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ షాద్‌నగరులో తెలుగునాట పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. 1993 ఏప్రిల్ 24వ తేదీన 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి, గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించినది. చట్టము మనకు అధికారము నిచ్చినది. కాని పనివారి విశ్వాసమును ఏ చట్టమును ఇయ్యజాలదు. దానిని మనమే సంపాదించుకొనవలెను.

మంచినీటి ట్యాంకు సంగతినే చూతము. కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని భారత ప్రమాణము నిర్దేశించుచున్నది. బ్లీచింగు పొడి కలిపిన పిదప అరగంటయైనను ఆగి నీరు వదలవలెను. మూత సరిగా లేక తేమ తగిలినచో ఆ పొడి సారము కోల్పోవును. మురుగుకాలువ ప్రక్కన గొట్టము పగిలినచో, సరఫరా ఆగిన వేళ మురికినీరు లోనికి చొరబడును. ఈ లోపములు మొదట ఎవరికి తెలియును? సర్పంచికి కాదు, సభ్యులకు కాదు. ట్యాంకు వద్ద పనిచేయు మనిషికే తెలియును.

అతడు వచ్చి, "అయ్యా, పొడి నిండుకొన్నది" అని చెప్పెననుకొందము. "ఇన్నాళ్లు ఏమి చేయుచున్నావు?" అని పదిమంది యెదుట మనము గద్దించితిమా, మరల అతడు నోరు విప్పడు. పొడి లేకున్నను "కలిపితిని" అనియే చెప్పును. పుస్తకములో లెక్క సరిగానే యుండును. పసిపిల్లలు మాత్రము వాంతులు, విరేచనములతో ఆసుపత్రి పాలగుదురు. ఆ పాపములో అతని మౌనమునకెంత భాగమో, మన కోపమునకును అంత భాగము కలదు.

అట్లని సోమరితనమును సహింపుమని మేము చెప్పుటలేదు. లోపమును తానై వచ్చి చెప్పినవానిని మెచ్చుకొని, వెంటనే దానిని సరిచేయవలెను. దాచినవానిని విచారింపవలెను. ఈ భేదము పనివారందరికిని స్పష్టముగా తెలియవలెను.

ఇందుకు మనము పాటింపదగిన పద్ధతులు కొన్ని కలవు. మందలింపు చాటున, మెప్పు సభలో జరుగవలెను. ఒకే పనివానికి నలుగురు సభ్యులు నాలుగు ఉత్తరువులు ఇయ్యరాదు. ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా అన్నది ఒకే నోట వెలువడవలెను. పారిశుద్ధ్య కార్మికులకు జీతము వేళకు అందవలెను. చేతితొడుగులు, బూట్లు ఇయ్యవలెను. వయసున పెద్దవారిని "ఒరేయ్", "ఒసేయ్" అని పిలుచుట మన పదవికి అగౌరవము. పంచాయతీ కార్యదర్శి మన సేవకుడు కాడు, మన యజమానియు కాడు. నిబంధన అడ్డు వచ్చినప్పుడు ఆయనపై కోపింపక, "చట్టబద్ధమైన దారి యేది?" అని అడుగుట మేలు.

వారమునకొక పర్యాయము పావుగంట సేపు పనివారితో కూర్చుండుడు. ఏ పని జరిగినది, ఏది ఆగినది, మానుండి ఏమి కావలెను అను మూడు ప్రశ్నలు వేయుడు. వారు చెప్పునది ముగియువరకు అడ్డు తగులక వినుడు. అడిగినది ఇయ్యలేనిచో కారణము చెప్పుడు.

నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దలు చెప్పిరి. వినెడి చెవియు మంచిదైనప్పుడే ఆ మాట పూర్తియగును. రేపటి ఉదయము ట్యాంకు వద్దకు వెళ్లి, ఆ పనివానిని పేరుపెట్టి పలుకరించి, "ఏమైనా లోపమున్నదా?" అని అడుగుడు. అతడు భయపడక జవాబు చెప్పిననాడు మన నాయకత్వము సార్థకమైనట్లే.