చిన్న ప్రాంగణంలో ఆడపిల్లలు – మన పని

(గజపతినగరంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గజపతినగరంలో నిలబడి విశ్వవిద్యాలయం గురించి మాట్లాడటం మన అమ్మల కాలంలో ఊహకు అందని సంగతి. డిగ్రీకి విజయనగరం, ఆపైన చదవాలంటే విశాఖపట్నం. ఆడపిల్లను అంతదూరం పంపడమా అనే ప్రశ్న దగ్గరే ఎంతోమంది చదువు ఆగిపోయేది. ఇప్పుడు విశ్వవిద్యాలయమే మన పొలాల దాకా వచ్చింది. ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను.

2014 రాష్ట్ర విభజన చట్టంలో గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామన్న హామీ ఉంది. అది చట్టరూపం దాల్చడానికి ఐదేళ్ళు పట్టింది. 2019లో పార్లమెంటు కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాన్ని సవరించి ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని ఏర్పరిచింది. విజయనగరం పక్కన కొండకరకాంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పి.జి. కేంద్రం నడిచిన భవనాల్లో, తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి. సొంత ప్రాంగణానికి ముందు కొత్తవలస మండలం రెల్లి గ్రామాన్ని అనుకున్నారు. తరువాత అది మారి మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు వచ్చింది. 2023 ఆగస్టు 25న చినమేడపల్లి దగ్గర శంకుస్థాపన జరిగింది. కేటాయించిన భూమి సుమారు 560 ఎకరాలు. ఈ రెండు మండలాలూ షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. సాలూరు కొండల కింది మైదానమిది. గిరిజనుల పేరున వచ్చిన విశ్వవిద్యాలయం కొండమీద కాక కొండకింద ఎందుకు ఉందన్నది చిన్న ప్రశ్న కాదు. దానికి వేరే ఒక పూట కావాలి. ఈ పూట ఆ గేటు లోపలికి వెళ్ళే ఆడపిల్లల గురించి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను చెప్పబోయేవి ఈ విశ్వవిద్యాలయం మీద ఆరోపణలు కావు. ఏళ్ళ తరబడి అక్కడా ఇక్కడా చిన్న కళాశాలల్లో, హాస్టళ్ళలో పిల్లలతో మాట్లాడుతూ వచ్చాను. అందులోంచి చెబుతున్నాను.

విశ్వవిద్యాలయం అనగానే మనకు వేలమంది విద్యార్థులు, వీధుల్లాంటి దారులు గుర్తుకొస్తాయి. కొత్తగా పెట్టినచోట అలా ఉండదు. ఎకరాలు ఎన్నున్నా మనుషులు కొన్ని వందలమందే. ఒక మెస్సు, ఒక బస్సు, ఒక గ్రంథాలయం, ఒక గేటు. ఒక్కొక్క శాఖలో ఇద్దరో ముగ్గురో ఉపాధ్యాయులు. పొద్దున పాఠం చెప్పినాయనే మధ్యాహ్నం పరీక్ష పేపరు దిద్దుతాడు, సాయంత్రం ఉత్సవాల కమిటీలో ఉంటాడు, పరిశోధనకూ ఆయనే మార్గదర్శి.

ఇందులో మంచి చాలా ఉంది. పెద్దచోట్ల పక్కగదిలో పిల్ల జ్వరంతో పడుకుంటే మూడు రోజులకు గాని తెలియదు. ఇక్కడ అన్నానికి రాకపోతే ఆ పూటే తెలుస్తుంది. సవరపిల్ల, గదబపిల్ల, జాతాపుపిల్ల, మైదానంనుంచి వచ్చిన పిల్ల, కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి వేరే రాష్ట్రాలనుంచి వచ్చిన పిల్ల ఒకే గదిలో మంచాలు పంచుకుంటారు. ఇంటినుంచి తెచ్చిన చోడిపిండి ఒకరిది, ఊరగాయ ఇంకొకరిది. తమ భాషలో పాట పాడటానికి సిగ్గుపడే పిల్ల రెండో ఏడు వచ్చేసరికి పక్క మంచంమీది పిల్లకు ఆ పాట నేర్పుతుంది. ఏ సిలబస్‌లోనూ లేని చదువు ఇది. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే ఇదే దగ్గరతనం ఆడపిల్లకు ఆపద వచ్చిన రోజున ఏమవుతుంది? అప్పుడొక మాట వినిపిస్తుంది. ‘మనమంతా ఒక కుటుంబం.’ ఈ మాట చాలా ప్రాంగణాల్లో విన్నాను. కుటుంబం అంటే ఏమిటో ఇక్కడున్న మనందరికీ బాగా తెలుసు కదా! పరువు, గుట్టు, సర్దుబాటు. కుటుంబంలో దెబ్బతిన్న ఆడదానికి మొదట దొరికే సలహా నోరుమూసుకోమని. ప్రాంగణం కుటుంబం అయినప్పుడు ఆ సలహా కూడా వెంట వస్తుంది. ‘సార్‌కి పిల్లలున్నారమ్మా’, ‘కొత్త సంస్థ, పేరు చెడిపోతుంది’, ‘ఇంకొక్క సెమిస్టరే కదా, ఓర్చుకో.’

అందులోనూ కొండఊరినుంచి వచ్చిన పిల్ల సంగతి చూడండి. ఊరుమొత్తంమీద పి.జి.కి వచ్చింది ఆమె ఒక్కతే. పెళ్ళి చేసేయమని చుట్టాలు పోరుపెడుతుంటే తల్లి అడ్డుపడి పంపింది. అలాంటి పిల్లకు వేధించినవాడికంటే ఎక్కువ భయం దేనికో తెలుసా? ఇంటికి ఫోన్ వెళ్ళడానికి. ఫిర్యాదు చేయగానే చాలాచోట్ల అధికారులు చేసే మొదటి పని తండ్రిని పిలిపించడం. వాళ్ళ దృష్టిలో అది బాధ్యత. తండ్రి పెట్టె సర్దించి పిల్లను తీసుకుపోతాడు. విచారణ లేదు, శిక్ష లేదు, సమస్య ‘పరిష్కారం’ అయిపోతుంది. ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన స్త్రీ, ఓటు వేసే స్త్రీ, ఆమె అనుమతి లేకుండా ఆమె విషయం ఇంటికి చేరవేయడం ఏ చట్టంలో ఉంది? ఎందులోనూ లేదు. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదుచేసిన స్త్రీ పేరుగాని, ఆనవాళ్ళుగాని, ఫిర్యాదులోని విషయాలుగాని బయటపెట్టకూడదని స్పష్టంగా చెబుతోంది. ‘ఇంటికి చెప్పం’ అనే నమ్మకం లేనిచోట మనం గోడమీద ఎన్ని నంబర్లు రాసినా ఎవరూ ఫోను చేయరు.

విశ్వవిద్యాలయాలకు ప్రత్యేకంగా యు.జి.సి. 2015 నిబంధనలున్నాయి. వీటిని మన కార్యకర్తల్లో ఎంతమంది చదివారు? అవి చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారుతుంది. ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు స్త్రీ అయి ఉండాలి. సభ్యుల్లో కనీసం సగంమంది స్త్రీలు కావాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి, వాళ్ళను ఎవరో నియమించకూడదు, ఎన్నిక జరగాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు సభ్యులు కారాదు. చిన్న ప్రాంగణానికి ప్రాణంలాంటిది ఈ చివరి నిబంధన. ఎందుకంటే అక్కడ నలుగురే పెద్దలు, ప్రతి కమిటీలోనూ ఆ నలుగురే ఉంటారు.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి. తెలుగులో గాని ఇంగ్లీషులో గాని గొంతు పెగలని పిల్లకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. తొంభై రోజుల్లో విచారణ పూర్తికావాలి. విచారణ నడుస్తుండగా ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పరీక్ష పేపరు దిద్దకుండా, ఆమె పనికి మార్కులు వేయకుండా ఆపమని కమిటీ కోరవచ్చు. ఒక శాఖలో ఇద్దరే ఉపాధ్యాయులున్నచోట దీన్ని ఎలా అమలు చేస్తారు? బయట విశ్వవిద్యాలయంనుంచి పరీక్షకుణ్ణి పిలిపించాలి. ఆ ఏర్పాటు గొడవ వచ్చాక కాదు, ముందే కాగితంమీద ఉండాలని మనం అడగాలి.

ఇక హాస్టలు గేటు. నేను చదువుకున్న రోజుల్లో మా హాస్టలుకు సాయంత్రం ఆరున్నరకు తాళం పడేది. గ్రంథాలయం ఎనిమిదింటిదాకా తెరిచి ఉండేది. ఆ గంటన్నర మగపిల్లల సొత్తు. ఎవరూ దాన్ని అన్యాయమనుకోలేదు, భద్రత అన్నారు. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ పేరుతో హాస్టలు వేళలమీద ఉద్యమించినప్పుడు నాకు మా తాళమే జ్ఞాపకం వచ్చింది. ఆడపిల్లల భద్రతను సాకుగా చూపి మగపిల్లలకు లేని ఆంక్షలు వాళ్ళమీద పెట్టరాదని, భద్రత పేరుతో కాపలా, నిఘా పెంచరాదని పైన చెప్పిన నిబంధనల్లోనే ఉంది. దారిలో దీపాలు, నమ్మదగిన రవాణా కల్పించాలని కూడా ఉంది. ఇది మనకు నేరుగా సంబంధించిన విషయం. గజపతినగరం జంక్షన్లో దిగి మెంటాడ వైపు ఆటో ఎక్కే పిల్లకు చీకటిపడ్డాక ఆ ఆటోలో తనొక్కతే మిగిలితే ఎలా? తాళం వేళ ముందుకు జరపడం దానికి జవాబు కాదు. విజయనగరంనుంచి రాత్రి ఒక బస్సు, దారి పొడుగునా లైట్లు, ఇవి జవాబు. ఆర్.టి.సి. డిపోకు అర్జీ పెట్టడం మన సంఘాలకు కొత్త పని కాదుగదా.

ప్రాంగణం అంటే విద్యార్థులే కాదు. ఇటుకలు మోసే ఆడవాళ్ళు, మెస్సులో వండేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అవుతారు. పిల్లలు వాళ్ళను ‘అప్పా’ అని నోరారా పిలుస్తారు, కబుర్లు చెబుతారు. ఒకచోట ఒక మెస్సు కార్మికురాలిని కమిటీ గురించి అడిగితే ‘అదేటమ్మా, సదువుకున్న గుంటలకి గదా’ అంది. కాదు. కాంట్రాక్టు మనిషైనా, రోజుకూలీ అయినా 2013 చట్టం ప్రకారం ఉద్యోగే. పదిమందికంటే తక్కువ పనిచేసేచోట అయితే, లేదా యజమానిమీదే ఫిర్యాదైతే జిల్లాస్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. విద్యార్థినులు తమ హక్కుల గురించి సభ పెట్టుకున్నప్పుడు వంటింట్లో ఉన్న అప్పను కూడా పిలిచి కూర్చోబెడితే, ఆ సభకు పదింతల బలం వస్తుంది.

మన మధ్య ఒక అభిప్రాయం ఉంది. చదువుకున్నవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు, మనం పల్లెలో కూలి గురించి, సారా గురించి, భూమి గురించి చూద్దాం అని. చరిత్ర అలా లేదు. 1972లో మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలికపై పోలీసుస్టేషన్లో అత్యాచారం జరిగింది. పోలీసులను సుప్రీంకోర్టు విడిచిపెట్టేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును నిలదీస్తూ బహిరంగలేఖ రాశారు. దేశమంతటా స్త్రీలు కదిలారు, 1983లో చట్టం మారింది. అప్పుడు విశ్వవిద్యాలయం అడవిబిడ్డ పక్షాన నిలిచింది. ఆ తరువాత 1992లో రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భంవరీదేవి, మనలాంటి గ్రామ కార్యకర్త, కుమ్మరి కులస్త్రీ, బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. 1995లో కిందికోర్టు నిందితులను అత్యాచార నేరంనుంచి విముక్తుల్ని చేసింది. ఆమె ఉదంతం ఆధారంగా స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఈ రోజు విశ్వవిద్యాలయంలో ఏ ఆడపిల్ల ఫిర్యాదు చేసినా ఆ కమిటీకి మూలం అక్కడుంది. పల్లెటూరి కార్యకర్త పడ్డ బాధలోంచి ప్రాంగణంలో పిల్లలకు రక్షణ వచ్చింది. ఆమెకు మాత్రం న్యాయం దక్కలేదు. కాబట్టి వాళ్ళ సమస్య వాళ్ళది, మన సమస్య మనది అనే గీత చెల్లదు.

ఇప్పుడు మన పని. ఆ కమిటీలో బయటి సభ్యుల స్థానం ఒకటి ఉంది. స్త్రీల కోసం పనిచేసే సంస్థనుంచి గాని, ఈ విషయం తెలిసిన వ్యక్తిని గాని సంస్థ అధిపతి నియమిస్తారు. చాలాచోట్ల ఆ కుర్చీ అధికారి బంధువుకో, పరిచయస్తురాలికో పోతుంది. ఆమె సంవత్సరానికి ఒకసారి వచ్చి సంతకం చేసి టీ తాగి వెళ్తుంది. నిజానికి చిన్న ప్రాంగణంలో అందరికీ అందరూ తెలిసినవాళ్ళే అయినప్పుడు, ఎవరి జీతమూ ఎవరి మార్కులూ తన చేతిలో లేని మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారని ఈ జిల్లాలో ఉన్న ప్రతి కళాశాలనూ మనం లిఖితపూర్వకంగా అడుగుదాం. సమాచార హక్కు చట్టం 2005నుంచీ ఉంది, పదిరూపాయల రుసుము. కమిటీ సభ్యుల పేర్లేమిటి, విద్యార్థి సభ్యుల ఎన్నిక ఏ తేదీన జరిగింది, గత ఏడాది వార్షిక నివేదిక కాపీ ఇవ్వండి. మూడు ప్రశ్నలు చాలు. ‘ఫిర్యాదులు సున్నా’ అని జవాబు వస్తే సంతోషపడకండి, ఒకసారి హాస్టలుకు వెళ్ళి కూర్చుని రండి.

ఆ నిబంధనలను నేను తెలుగులో నాలుగు పుటల్లో రాసి తెచ్చాను, తలుపు పక్కన బల్లమీద ఉన్నాయి. సవరలో, కువిలో చెప్పగలిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే భోజనాల వేళ నన్ను కలవండి. ఆ నాలుగు పుటలూ క్యాసెట్లోకో, ఫోన్లోకో మీ గొంతుతోనే ఎక్కిద్దాం.