పనివాని మనస్సు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ధర్మపురిలో ఈ సభకు వచ్చినవారిలో పలువురము నలుగురికి జీతము లిచ్చువారము. ఒకరికి కొట్టు, ఒకరికి మామిడి గుజ్జు కార్ఖానా, ఒకరికి లారీలు. కనుక పండుగపూట పచ్చడిలోని చేదును గూర్చి నాలుగు మాటలు చెప్పినచో తప్పు పట్టరని తలచెదము.

మా కొట్టులో పదునెనిమిదేండ్లు లెక్కలు వ్రాసిన గుమాస్తా ఒకరుండిరి. పైస తేడా రానిచ్చెడివారు కారు. ఒక యేడు ఆయన కూడికలు తప్పజొచ్చినవి. ఆలస్యముగా వచ్చుట, పిలిచినను పలుకకుండుట. మేమేమి చేసితిమి? మొదట కసరితిమి, పిదప పెట్టె తాళములు తీసికొంటిమి. నాటినుండి మూడు దినములు ఆయన మంచము దిగలేదు. ఇల్లాలు వచ్చి, “ఆయన దొంగ కాదండి, ఆరు నెలలుగా ఆయనకు నిద్ర లేదండి” అన్నది.

ఆరు నెలలు మా యెదుటనే కూర్చున్న మనిషి! ఎద్దు ఒక్కపూట మేత మానినచో కనిపెట్టెడి జాతి మనది.

బెంగుళూరు నిమ్‌హాన్స్‌కు తీసికొనిపోతిమి. డిప్రెషన్ అనిరి. మందులతోను, మాటలతోను నాలుగు నెలలకు తేరుకొని మరల లెక్కలు వ్రాసినారు. తాళములు మాత్రము ఎంత బతిమాలినను పుచ్చుకొనలేదు. అవి నేటికిని మా వద్దనే యున్నవి.

ఇది దయాధర్మముల ముచ్చట యని కొందరనుకొనవచ్చును. వ్యాపారముగానే చూతము. దిగులు, ఆందోళనల వలన లోకమున ఏటా 1200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పినది. ఇ.ఎస్.ఐ.లో చేర్చిన పనివానికి, వైద్యుడు జబ్బని ధ్రువపరచినచో, ఏడాదిలో 91 దినముల వరకు వేతనములో 70 శాతము వచ్చును. చేర్చుటకు బద్ధకించువారమే యెక్కువ! మనోవ్యాధిని శరీరవ్యాధితో సమానముగా బీమాలో చేర్చవలెనని 2017 నాటి చట్టము చెప్పుచున్నది.

కొట్లలో పనివారికి కూర్చుండు ఆసనము లుంచవలెనని 2021లో తమిళనాడు చట్టము చేసినది. అది కాళ్ళ సంగతి గదా యందురు. దినమంతయు నిలువబడిన వాని మనస్సు మాత్రము కుదురుగా కూర్చుండునా?

చిత్తూరు వైపునుండి వచ్చిన కుఱ్ఱవాడు మన కొట్టులో తమిళము తడబడుచు, తన గోడు ఎవరితో చెప్పుకొనును? 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 అను నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

ద్వారము వద్ద ఆ నంబరు అచ్చువేసిన అట్ట లుంచినాము. తలకొకటి తీసికొనిపోయి, జమాఖర్చుల బల్ల దగ్గర గాక, పనివారు అన్నము తినుచోట తగిలింపుడు.