బుగులు, రంది, దుఃఖము



మన ఆర్మూరు పల్లెలలో మనోవ్యథను తెలుపుటకు మూడు మాటలు వాడుకలో నున్నవి: బుగులు, రంది, దుఃఖము. రాబోవు దానిని గూర్చిన భయము బుగులు. మనిషిని లోలోపల తినివేసి, పనిమీదను తిండిమీదను ఇచ్ఛ లేకుండ చేయునది రంది. పోయినవారికై కలుగునది దుఃఖము. మానసిక వైద్యశాస్త్రము కూడ వీనిని వేర్వేరుగనే యెంచుచున్నది. సంభాషణముచేత ఈ వ్యథలకు చికిత్స చేయుట నా వృత్తి. ఆ చికిత్స యెట్టిదో, అందులో గ్రామ పెద్దలు తమ అరుగుమీద కూర్చుండియే చేయదగినది యేదో నేడు మనవి చేసెదను.

చికిత్సకు మొదటి మెట్టు వినుట. వ్యథతో వచ్చినవానికి మనము సాధారణముగ "ధైర్యముగ నుండుము, అందరికి నున్నదే" అని చెప్పి పంపుదుము. మనకది ఓదార్పుగ తోచును; అతనికి మాత్రము "ఇక మాటలాడకుము" అన్నట్లు వినబడును. అందుచేత నేను మొదటి దినమున హితవు చెప్పను. ఎప్పటినుండి యిట్లున్నది, నిద్ర పట్టుచున్నదా, ఏ పనులు మానివేసితిరి అని యడిగి, చెప్పినదంతయు తుదివరకు విందును. ఇది బుగులో, రందియో, దుఃఖమో తెలిసిన పిమ్మటనే మార్గము నిర్ణయమగును.

బుగులునకు మన పసుపు రైతే నిదర్శనము. తొలకరికి నాటిన పసుపు తవ్వకమునకు రావలెనన్న ఎనిమిది తొమ్మిది మాసములు పట్టును. తవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి నిజామాబాదు మార్కెట్టునకు చేర్చువరకు ధర యెంత పలుకునో యెవ్వరు నెరుగరు. అప్పు మాత్రము మొదటి దినముననే తెలియును. మద్దతు ధరకును పసుపు బోర్డుకును 2019లో 178 మంది రైతులు నిజామాబాదు లోకసభ స్థానమునకు పోటీచేయుట దేశమంతయు చూచినది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమైనది. అయినను వానను ధరను నమ్మి యెదురుచూచుట రైతునకు తప్పదు.

కావున బుగులు పిచ్చి గాదు. దానికి కారణము కలదు. కాని భయపడినవాడు భయము గొల్పు దానినుండి తప్పించుకొని తిరుగును. అప్పు లెక్క చూడడు. షావుకారు వీధిన నడువడు. తప్పించుకొన్న కొలది ఆ క్షణమున హాయిగ నుండును గాని, భయము మరునాటికి రెట్టింపగును. దీనికి చికిత్స మెట్లు మెట్లుగ ఎదుర్కొనుట. మొదట తోడుగ ఒకరిని కూర్చుండబెట్టుకొని అప్పులన్నియు కాగితముమీద వ్రాయవలెను. తన చేతిలో నున్నదేదో, లేనిదేదో విడదీయవలెను. పిమ్మట ఒక్క షావుకారుతో మాటలాడవలెను. గుండె దడదడలాడినపుడు గాలిని మెల్లగ పీల్చి, అంతకంటె మెల్లగ విడువవలెను. ఆ తోడుగ కూర్చుండుట మీరు చేయగల పని.

రంది తీరు వేరు. రంది పట్టినవాడు "మనసైనపుడు లేచెదను" అనును. మనసు రాదు, అతడు లేవడు. చికిత్సలో ఈ వరుసను తిరుగవేయుదుము. ముందు చేత, పిదప మనసు. ఉదయము చేనిగట్టు వరకు నడచుట, గేదెకు నీళ్లు పెట్టుట, ఒక చుట్టము నింటికి పోవుట - ఇట్టి చిన్న పనిని వేళ నిర్ణయించి చేయింతుము. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, వైద్యులు కాని సామాన్యులకు ఈ పద్ధతి నేర్పి, వారిచేత రోగులకు ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు చికిత్స చేయించిరి. వారిలో కోలుకొన్నవారు సాధారణ వైద్యము మాత్రమే పొందినవారికంటె ఎక్కువయని 2016లో వెల్లడియైనది. రంది ముదిరినచో మందు కూడ వలయును. మందు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. తమంతట తాము మానరాదు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు చెప్పి నవ్వుట మనము మానినచో ఎందరో వేళకు వైద్యుని చేరుదురు.

ఇక దుఃఖము. ఇది రోగము గాదు. ప్రేమకు మిగిలిన రూపము. మన యూళ్లనుండి గల్ఫు దేశములకు పోయినవా రెందరో కలరు. అక్కడ మరణించినవాని దేహము ఇల్లు చేరుటకు దినములు, ఒక్కొక్కపుడు వారములు పట్టును. ఏండ్లతరబడి ఫోనులో గొంతు మాత్రమే విన్న భార్యకు ఒక పెట్టె వచ్చును. పది దినములు ఇల్లు నిండ జనముందురు. పదునొకండవ దినము తరువాత ఆమె ఒంటరి. నా పని యచ్చటనే మొదలగును. మరచిపొమ్మని చెప్పను. అతని పేరు చెప్పి, అతని ముచ్చటలు అడుగుదును. ఏడ్చిన ఏడువనిత్తును. ఆరు మాసములు దాటినను దుఃఖము తగ్గక నిత్యకృత్యములకు కూడ అడ్డమైనచో, దానిని ప్రత్యేక వ్యాధిగ ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. దానికిని చికిత్స కలదు.

పెద్దలకు ఇక్కడ ఒక మాట. పసుపు నాటి, తవ్వి, ఉడుకబెట్టిన చేతులకే భర్త పోయిన నాటినుండి పసుపు తగదనుట, శుభకార్యమున ఎదురు రావలదనుట దుఃఖముపై వేసిన శిక్ష. ఆ శిక్షను తీసివేయుట ఏ వైద్యునికిని చేతగాదు, మీకు చేతనగును.

చివరిది అన్నిటికంటె ముఖ్యము. ఎవడైన "నేనుండి యేమి లాభము" అనినచో, చావవలెనని తోచుచున్నదా యని సూటిగ అడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటికి వచ్చును. తోచుచున్నదనినచో అతనిని ఒంటరిగ విడువకుడు. పురుగుమందును ఇంటినుండి తీసి, తాళము పెట్టి, తాళపుచెవిని మరియొకరి కీయుడు. శ్రీలంకలో మిక్కిలి విషకరమైన పురుగుమందులను నిషేధించిన పిమ్మట ఆత్మహత్యలు ఎంతయో తగ్గినవి. ఆపద క్షణము దాటినచో ప్రాణము నిలుచుననుటకు ఇదియే సాక్ష్యము. 2022 అక్టోబరున ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి గురియైనవానిగ నెంచి ఆదుకొనవలెనని 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున పోలీసుల భయముచేత దాచవలదు.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున 2006లో డిక్సన్ చిబాండా అను వైద్యుడు పదునలుగురు అవ్వలకు ఈ వినెడి విద్యను నేర్పి, ఆరోగ్య కేంద్రముల చెంత బల్లలమీద కూర్చుండబెట్టెను. వారి చెంతకు వచ్చినవారికి వ్యథ తగ్గినట్లు పరీక్షలో తేలినది. మనకు బల్లలు చేయించు పని లేదు. ప్రతి యూర రచ్చబండ యున్నది. ఇంతవరకు దానిమీద తీర్పులు చెప్పితిమి. ఇకమీదట కొంతసేపు వినుటకును దానిమీద కూర్చుందము.